పసుపు రాని బొమ్మ

మొన్న వంటింట్లో సింకు నీళ్లు పోవడం లేదని, ఎవరో చెప్పిన చిట్కా పట్టుకుని, మా కోడలు సీసాడు సిర్కా, అదే వెనిగర్, తెచ్చి అందులో గుమ్మరించింది. నేను హాల్లో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాను. ఆ పుల్లటి ఘాటు ముక్కుకు తగిలిందో లేదో, చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. కోడలు వచ్చి, "వాసన పడ్తలేదా అత్తమ్మా? కిటికీ తీస్త ఆగుండ్రి" అంది. "వద్దు, ఉండనీ" అన్నాను. ఆ పిల్ల నన్ను అదోలా చూసి వెళ్లిపోయింది. సిర్కా వాసన పోతుందని కిటికీ తీయనివ్వని ముసలిదాన్ని ఎక్కడ చూసి ఉంటుంది పాపం!

అది మా బాపు వాసన. మిగతా పిల్లల తండ్రులు చెరుకు వాసనతోనో, బీడీల వాసనతోనో ఇంటికొస్తే, మా బాపు సిర్కా వాసనతో చీకటి అర్రలోంచి బయటికి వచ్చేవాడు. ఫోటోలు కడిగే మందుల్లో అది కలిపేవాడు. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీకి పోయే తోవలో మా ఇల్లు. ముందు గది ఫోటో స్టూడియో, వెనక మూడు గదుల్లో మేము. ఒకప్పుడు వడ్లు పోసుకున్న అర్రకు కిటికీ మూసేసి, సందుల్లో నల్లగుడ్డ కుక్కి, దాన్ని చీకటి గది చేసుకున్నాడు. పగలు ఫోటోలు తీసేవాడు, తీరిక దొరికితే కవిత్వం రాసేవాడు. బోధన్‌లో ఆయన అందరికీ ఫోటోల సారు. నెలకోసారి నిజామాబాద్ పోయి గ్రంథాలయంలో నలుగురు కవుల మధ్య కూర్చుంటే మాత్రం కవిగారు. మా అమ్మకు రెండూ ఒకటే. "గా ఫోటోలకు రంగు లేదు, గీ కవిత్వానికి రుచి లేదు. ఇంట్ల ఉప్పు లేదు, ముందుగాల అది సూడుండ్రి" అనేది.

నేను చెప్పబోయేది ఒక్క చెరుకు కాలం సంగతి. నాకప్పుడు తొమ్మిదేళ్లు. చలి మొదలవగానే ఫ్యాక్టరీ నడిచేది. మా ఇంటి ముందు చెరుకు బండ్లు ఒకదాని తోక ఒకటి పట్టుకున్నట్టు పొద్దంతా నిలబడేవి. ఊరు ఊరంతా ఉడుకుతున్న చెరుకు రసం వాసన, దాని వెనకే మడ్డి వాసన. మేం పిల్లలం బండ్ల వెనక చేరి, బండాయన కునుకు తీస్తున్నప్పుడు కట్టలోంచి గడ లాగేవాళ్లం. దొరికితే చెర్నకోల, దొరకకపోతే పెదవుల మూలలు కోసుకుపోయేదాకా నమలడం. ఒకసారి నేను లాగుతుంటే బండాయన పడుకునే కళ్లు తెరిచి చూశాడు. నేను పారిపోబోయాను. ఆయన మాత్రం, "ఓ పిల్లా, గది పురుగు వట్టిన గడ. పక్కది గుంజుకో" అని మళ్లీ కళ్లు మూసుకున్నాడు. అలాంటి మనుషులు ఉండేవాళ్లు, నమ్మండి.

ఆ నాలుగైదు నెలలు స్టూడియో కిటకిటలాడేది. పొరుగు రాష్ట్రం నుంచి కోతకొచ్చిన మరాఠీ కూలీలు, రెంజల్ వైపు రైతులు, కొత్తగా పెళ్లయిన జంటలు. అందరికీ కలిపి బాపు దగ్గర ఒకటే నల్లకోటు ఉండేది. సన్నటివాడు వేసుకుంటే వెనక పిన్నీసులు పెట్టి బిగించేవాడు. లావుపాటివాడి కోసం కోటు వీపు నిట్టనిలువునా చీల్చే ఉంచాడు. "ముందట సూడు తమ్మీ. ఎనుకకు మర్లినవంటె కోటు నీ ఇజ్జత్ నా ఇజ్జత్ రెండూ తీస్తది" అనేవాడు. ఆ నవ్వు పెదవి మీద ఉండగానే ఫోటో తీసేసేవాడు. జనం పలచబడ్డాక నేను స్నో డబ్బాలో వేలు ముంచి ముఖానికి పూసుకుని, రాజమహల్ గీసిన తెర ముందు రాణిలా నిలబడేదాన్ని. అమ్మ వచ్చి వీపు మీద ఒకటి ఇస్తే రాణిగారు వంటింట్లోకి పరుగు.

బాపుకు అసలు పేరు తెచ్చిన పని ఇంకొకటి. చెబితే ఇప్పటి పిల్లలు జడుసుకుంటారు. ఆ రోజుల్లో మా వైపు పల్లెల్లో బతికుండగా ఫోటో దిగిన ముసలివాళ్లు తక్కువ. ఫోటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందని భయం. అందుకని మనిషి పోయాక, ఎత్తుకుపోయే ముందు బాపుకు కబురొచ్చేది. స్నానం చేయించి, కొత్తబట్ట కట్టి, పోయిన మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, వెనక నుంచి దుప్పటి చాటున ఇద్దరు పట్టుకుంటే బాపు ఫోటో తీసేవాడు. ఇంటికొచ్చి కడిగి, అచ్చు వేసి, ఆ మూసుకున్న రెప్పల మీద సన్నటి కుంచెతో కళ్లు దిద్దేవాడు. ఆ పని చాలామంది ఫోటోగ్రాఫర్లు చేసేవాళ్లే. రెండు నల్లచుక్కలు పెట్టి పంపేవాళ్లు, గోడ మీది ముసలాయన ఎప్పుడూ దొంగను చూసినట్టు చూస్తుండేవాడు.

బాపు అలా చేసేవాడు కాదు. ఫోటో తీశాక ఆ ఇంటి అరుగు మీద కూర్చుని అడిగేవాడు. "మీ అవ్వ ఎట్ల సూస్తుండె? కోపమొస్తె ఎట్ల? ఆకలితోని ఒచ్చినోళ్లను సూస్తె ఎట్ల?" ఏడుస్తున్నవాళ్లు ఏడుపు ఆపి చెప్పడం మొదలుపెట్టేవాళ్లు. చెబుతూ చెబుతూ నవ్వేవాళ్లు కూడా. అవన్నీ నోట్‌బుక్‌లో రాసుకునేవాడు. ఆ మాటలు విని కళ్లు దిద్దేవాడు, ఆ మాటలతోనే కవిత కట్టేవాడు. ఆయన రాసినవన్నీ అట్లా చావు ఇళ్ల అరుగుల మీద దొరికినవే.

రాసింది ముందుగా వినేది మా నాయినమ్మ, బాపు అవ్వా అని పిలిచే కన్నతల్లి. ఆమెకు అక్షరం ముక్క రాదు. బాల్కొండ అవతల పసుపు పండించే ఇంట్లో పుట్టి, పసుపు ఉడకబెట్టి, ఎండబెట్టి, కొమ్ములు రాసి రాసి పెరిగింది. ఆ పని వదిలి ముప్పై ఏళ్లయినా ఆమె అరచేతుల్లో పసుపు పోలేదు. కడుపులో ఉన్న పసుపు చేతుల్లోకి వస్తోందని నాకు చెప్పేది, నేను నమ్మేదాన్ని. ఆమె ఆకులో సున్నం రాసుకుంటూ కూర్చుంటే బాపు ఎదురుగా కింద కూర్చుని చదివేవాడు. నలుగురిలో కవిగారు, ఆమె ముందు బడిపిల్లవాడు.

"కన్నీటి కడలి అంటె ఏందిరా?" అంది ఒకసారి.

"సముద్రమవ్వా."

"నువ్వు ఎన్నడన్న సూసినవా?"

"లేదు."

"నేను సూడలె. గా సచ్చిపోయినామె సూడలె. మరి గది ఏడికెల్లి ఒచ్చె? బాయి అని రాయి."

బాపు నోరు మూసుకుని కడలి కొట్టేసి, బావిని మేం పిలిచే మాటే, బాయి అని రాశాడు. ఆ నెల నిజామాబాద్‌లో ఆ కవిత చదివితే అందరూ ఆ బాయినే మెచ్చుకున్నారట. వచ్చి చెబితే నాయినమ్మ, "మరి నాకు ఆకులు తెచ్చినవా?" అని అడిగింది.

ఆ యేడే బాపు మిత్రులు ఆయన కవితలు పుస్తకంగా వేయాలని పట్టుబట్టారు. నిజామాబాద్‌లో ప్రెస్సు మాట్లాడారు. బాపుకు ఒకటే కోరిక. పుస్తకం మొదటి పేజీలో తన తల్లి బొమ్మ ఉండాలి. నాయినమ్మ ససేమిరా అంది. ఇదేం చిన్న పేచీ కాదు. ఎందుకంటే అంతకు ముందే ఆమె బాపు చేత ఒట్టు వేయించుకుంది. "నేను పోయినంక నా బొమ్మ తియ్యకు కొడకా. నాకు దొంగ కండ్లు పెట్టకు. నా కండ్లు నాతోనే పోవాలె" అని. ఇప్పుడు తీస్తేనే బొమ్మ. లేకపోతే ఇక ఎప్పటికీ లేదు.

"మాటలన్ని నీయే అవ్వా. ముందట నీ బొమ్మ లేకుంటె నేను దొంగనైత" అని బతిమాలాడు బాపు.

"నీ ఫోటోల పసుపు వస్తదా?" అంది చేతులు చూపించి.

"రాదవ్వా. నలుపు తెలుపే."

"పసుపు లేకుంటె గవి నా చేతులెట్లయితయిరా? గది ఎవ్వతో అయితది. ఇగ మా తల్లిగారి ఊరె కొత్తగ కట్టే ప్రాజెక్టు నీళ్లల్ల మునుగుతదంటున్నరు. గంత ఊరికి లేని బొమ్మ నాకెందుకు?"

నాతో మాత్రం అసలు సంగతి చెప్పింది. చెవి దగ్గరికి వంగి, "గా నల్లగుడ్డ కింద మీ బాపు ఏం చేస్తడనుకున్నవే? మనిషి పానం జరంత గిల్లి డబ్బల ఏసుకుంటడు. గందుకె ఫోటోల మనిషి గట్ల నిలవడి సూస్తది" అంది. ఆమె వేళాకోళం చేసిందో, నిజంగానే నమ్మిందో నాకు ఇప్పటికీ తెలియదు. మనుషుల ప్రాణం గిల్లి కెమెరాలో దాస్తాడని నేను మాత్రం నూటికి నూరుపాళ్లు నమ్మాను.

ఒకరోజు నాకు జొన్నరొట్టె తుంచి, వెల్లిపాయ కారం అద్ది, నోట్లో పెడుతోంది. నమలుతూ ఆమె ముఖంలోకి చూశాను. ఏ దయ్యం పట్టిందో, "నువ్వు సచ్చిపోతె నీ మొఖం నాకు ఎట్ల యాదికుంటది నాయినమ్మా?" అన్నాను. అమ్మ పొయ్యి దగ్గరి నుంచి, "నీ నోట్ల మన్ను పొయ్య! ఏం మాటలే గవి?" అని అరిచింది. నాయినమ్మ రొట్టె తుంచుతూ ఆగింది. తర్వాతి ముద్ద పెట్టడానికి చాలా సేపు పట్టింది. "నా మొఖంల ఏముందే యాదికుంచుకోను" అని మాత్రం గొణిగింది.

మర్నాడు పొద్దున ఆమే బాపును పిలిచింది. "ఒక్కటంటె ఒక్క బొమ్మ. రెండోది అడిగినవంటె సూడు. గీ పిల్ల కోసం కూసుంటున్న, నీ పుస్తకం కోసం గాదు" అంది.

బాపు ముఖం చూడాలి ఆనాడు! రోజువారీ గిరాకీకి రీలు కెమెరా వాడేవాడు. తల్లికి మాత్రం మూడు కాళ్ల పెద్ద కెమెరా బయటికి తీశాడు. దాంట్లో రీలు ఉండదు, మందు పూసిన గాజు పలక ఉంటుంది. చెక్క చట్రంలో పలక పెట్టి, ముందు జారుడు తలుపు వేస్తారు. ఫోటో తీసేటప్పుడు తలుపు లాగి, తీయగానే మూసేయాలి. చీకటి గదిలో కడిగేదాకా మళ్లీ తెరవకూడదు. "వెలుతురు తాకితె పలక సచ్చిపోతది" అని బాపు మాకు వందసార్లు చెప్పి ఉంటాడు. మంచి పలక ఒకటే మిగిలితే, దాన్ని రెండేళ్లుగా దాచిపెట్టుకున్నాడట.

రాజమహల్ తెర వద్దంది నాయినమ్మ. కొత్తచీర వద్దంది. "ఆ కోటు ఒక్కటి నాకు తొడగకు" అని బాపును నవ్వించింది. పెరట్లో గోడకు వీపు ఆన్చి, పీట మీద కూర్చుంది. రెండు చేతులూ ఒళ్లో వెల్లకిలా పెట్టుకుంది. బాపు నల్లగుడ్డ కిందికి దూరి ఎంతకీ బయటికి రాలేదు. వచ్చాక చూస్తే కళ్లు ఎర్రగా ఉన్నాయి. "అవ్వా, డబ్బను సూడకు. పిల్లను సూడు" అన్నాడు. నేను కెమెరా పక్కనే నిలబడ్డాను. నాయినమ్మ నన్ను చూసింది. బాపు తలుపు లాగాడు, అయిదు లెక్కపెట్టాడు, మూశాడు. తీసిన పలక అని గుర్తుండటానికి చట్రం మీద సుద్దముక్కతో అడ్డంగా ఒక గీత గీశాడు.

అప్పుడే వాకిట్లో సైకిల్ ఆగింది. రెంజల్ నుంచి మనిషి. వాళ్ల తండ్రి పోయాడు, మధ్యాహ్నంలోగా ఎత్తుతారు, సారు రావాలి. బాపు చట్రాన్ని అర్రలో గూట్లో పెట్టి, తలుపు దగ్గరికి వేసి, "పొద్దూకెవరకు ఒస్త. ఒచ్చినంక కడుగుత. అర్రల ఎవ్వరు అడుగు పెట్టకుండ్రి" అని రీలు కెమెరా భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. ఇంకెవరి పనైనా అయితే ఆగమనేవాడు. పీనుగను ఎట్లా ఆగమంటాడు?

ఎండ నడినెత్తికొచ్చింది. అమ్మ బావి దగ్గర బట్టలు పిండుతోంది. నాయినమ్మ చాప మీద పడుకుంది. నోరు కొంచెం తెరుచుకుని, గుర్రు పెడుతోంది. ఆమెను చూస్తూ నాకు ఒక్కటే ఆలోచన. ఆమె పానంలో గిల్లిన ముక్క ఆ డబ్బాలో ఉంది కదా, అది ఎంత ఉంది? పెద్దముక్కే గిల్లాడా? లోపల నాయినమ్మ చిన్నగా కూర్చుని ఉందా? చీకట్లో భయపడుతోందా?

పోయాను. పోయి తలుపు తీశాను. గూట్లోంచి చట్రం దించి, ఒళ్లో పెట్టుకుని, జారుడు తలుపు గోరంత లాగాను. ఏమీ కనిపించలేదు. వేలెడు లాగాను. ఇంకా లాగాను. లోపల తెల్లగా, మీగడ రంగులో ఒట్టి గాజు పలక. నాయినమ్మ లేదు. "నాయినమ్మా" అని మెల్లగా పిలిచాను కూడా, నా మొహం! పలకలేదు. భయం వేసి టక్కున మూసేశాను. అప్పుడు చూశాను, నా చెమట చేతులకు సుద్దగీత చెరిగిపోయింది. గౌనుతో మిగతాది తుడిచి, అక్కడే ఉన్న సుద్దముక్కతో మళ్లీ గీత గీశాను. బాపు గీత ఎటు నుంచి ఎటు ఉండిందో నాకు గుర్తు లేదు. నేను ఎటు గీశానో కూడా గుర్తు లేదు.

పొద్దుగూకే వేళ బాపు వచ్చాడు. చావు ఇంటి నుంచి వచ్చినవాడు కాబట్టి బావి దగ్గరే నెత్తి మీద నీళ్లు పోసుకుని, చాయ్ కూడా తాగకుండా అర్రలో దూరాడు. మేం ముగ్గురం బయట. నాయినమ్మ తనకేం పట్టనట్టు ఆకు చుట్టుకుంటోంది గానీ చెవులు తలుపు మీదే ఉన్నాయి. చాలా సేపటికి సిర్కా వాసన ముందు, వెనక బాపు వచ్చారు. చేతిలో పలక. నేను బడికి తీసుకెళ్లే రాతిపలక ఎంత నల్లగా ఉంటుందో అంత నల్లగా ఉంది.

"ఏమాయెరా?" అంది నాయినమ్మ.

"రాలేదవ్వా. నా చెయ్యి తప్పింది. రెంజల్ మనిషి కబురు తెచ్చిండని తొందరల తలుపు సరిగ మూయనట్టున్న."

నాయినమ్మ నవ్వింది. పగలబడి నవ్వింది. "దేవుడు ఒద్దన్నడురా. నా పానం నాకు ఎనుకకొచ్చింది, మంచిదాయె" అంది. బాపు కాళ్లు పట్టుకున్నంత పని చేశాడు. రీలు కెమెరాతోనైనా ఒక్కటి తీసుకుంటానన్నాడు. "ఒక్కటంటె ఒక్కటె అన్న. అయిపోయింది" అంది ఆమె. నేను దొంగకు తేలు కుట్టినట్టు గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఆ సాయంత్రం నాయినమ్మ దగ్గరికి పోయి, "నిజంగ ఒచ్చిందా?" అని అడిగాను. "ఏంది?" "నీ పానం." "ఒచ్చింది తీ" అని నా నోట్లో వక్కముక్క పెట్టింది. కొంచెం ఊపిరి పీల్చుకున్నాను.

మర్నాడు బాపు పెద్ద కెమెరాకు ముందుండే, మడతలుగా సాగే తోలు తిత్తిని విప్పి ఎండకు పట్టుకుని, చిల్లు ఉందేమోనని గంటసేపు వెతికాడు. చిల్లు లేదు. ఇక తన చెయ్యే అని తేల్చుకున్నాడు. అంత పనిమంతుడు, ఆ తర్వాత చాలా రోజులు ప్రతి ఫోటోకీ కెమెరా మూతను రెండుసార్లు తడిమి చూసుకోవడం నేను చూశాను. చూసి నోరు విప్పలేదు.

చెరుకు బండ్లు పలచబడి, ఫ్యాక్టరీ ఆగేముందు నాయినమ్మకు దగ్గు, జ్వరం వచ్చాయి. వారం తిరక్కుండానే పోయింది. బంధువులంతా వచ్చారు. "ఊరందరి అవ్వలకు బొమ్మలు తీస్తివి, నీ అవ్వకు తియ్యవారా?" అని బాపు మేనమామ అడిగాడు. బాపు లేచి పెద్ద కెమెరా తెచ్చి, పెరట్లో మూడు కాళ్ల మీద నిలబెట్టాడు. గుడ్డ కప్పుకున్నాడు. అందరూ ఎదురుచూస్తున్నారు. కాసేపటికి గుడ్డ తీసి, కెమెరా మడిచి, లోపల పెట్టేశాడు. "ఒట్టేసిన మామా" అన్నాడు. ఇంకెవరూ అడగలేదు.

వాడలో ఆడవాళ్లు గుసగుసలాడారు. "ఫోటోకు కూసున్నది, నెల దాటలె." "బొమ్మ రాలె గని పానం పాయె." వాళ్ల మాటలు నాకు ఈటెల్లా తగిలాయి. వాళ్లకు తెలియనిది నాకు తెలుసు కదా! బాపు గిల్లి పెట్టిన పానాన్ని నేను తలుపు తీసి వదిలేశాను. నాయినమ్మ దగ్గరికి అది తిరిగి రాలేదు, ఎటో పోయింది. నేనే చంపాను. మూడు రోజులు ఒళ్లు కాలిపోయింది. నాయినమ్మ మీద బెంగ అనుకుని అమ్మ తాయెత్తు కట్టించింది. బాపు నా పక్కనే కూర్చుని తడిగుడ్డ మారుస్తుంటే, ఆ చేతుల సిర్కా వాసనకు ఇంకా ఏడుపొచ్చేది. చెబితే ఈ చేతులు నన్ను ముట్టవేమో అనుకున్నాను.

పుస్తకం వచ్చింది. మొదటి పేజీలో బొమ్మ ఉండాల్సిన చోట ఒక కవిత ఉంది.

అవ్వా,
ఊరందరి అవ్వలకు కండ్లు దిద్దినోన్ని
నీ ఒక్కదాని కాడ నా చెయ్యి తప్పింది.
మూసుడు మరిసిన తలుపుల
వెలుతురొచ్చి నిన్ను తీస్కపోయింది.
నల్లటి పలక మీద ఎంత ఎతికినా
నీ చేతుల పసుపు దొరుకలె.

బాపు రాసిన వాటన్నిట్లో జనానికి పట్టింది అదే. సభల్లో అడిగి మరీ చదివించుకునేవాళ్లు. రెండో వరుసకే కొందరు కళ్లు తుడుచుకునేవాళ్లు. నేను ముందు వరుసలో కూర్చుని గోళ్లు కొరుక్కునేదాన్ని. కొడుకు తన తప్పును ఇంత నిజాయితీగా ఒప్పుకున్నాడని పెద్దలు పొగుడుతుంటే, లేచి పారిపోవాలనిపించేది. చేయని తప్పును ఆయన ఊరూరా ఒప్పుకుంటూ తిరుగుతున్నాడు, చేసినదాన్ని నేను చప్పట్లు కొడుతున్నాను.

పై తరగతిలో సైన్సు టీచరు, వెలుతురు తగిలితే ఫోటో పలక మీది వెండి మందు ఎట్లా నల్లబడుతుందో చెప్పింది. ఆ క్షణాన నా గుండె మీది బండ దిగింది. నేను నాయినమ్మను చంపలేదు! ఇంటికి ఎగురుకుంటూ వచ్చాను. వాకిట్లో కాలు పెట్టేసరికి రెండో సంగతి తట్టింది. చంపింది నాయినమ్మను కాదు, ఆమె బొమ్మను. అది ఒట్టి పిల్లచేష్ట. కానీ ఇన్నేళ్లు బాపు చేత ఆ తప్పు మోయించింది మాత్రం నా నోరు. అంతకుముందుది తెలియని భయం, ఇది తెలిసిన సిగ్గు. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ పెళ్లయింది, పిల్లలు పుట్టారు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పట్టకపోతే ఆ దొంగకు ఎంత కష్టమో ఎవరూ చెప్పలేదు.

ఇంకో మాట. నాయినమ్మ ముఖం నాకు గుర్తు లేదు. నిజం. గొంతు గుర్తుంది, రొట్టె తుంచే వేళ్లు గుర్తున్నాయి, అరచేతుల పసుపు గుర్తుంది. ముఖం దగ్గరికి వచ్చేసరికి ఒట్టి మీగడ రంగు. దేనికోసం ఆమె ఆ పీట మీద కూర్చుందో అదే నేను పోగొట్టుకున్నాను. ఈ దుఃఖం తీరేది కాదు.

స్టూడియో ఎప్పుడో మూతపడింది. అమ్మ పోయాక బాపు నిజామాబాద్‌లో నా దగ్గరికే వచ్చి ఉన్నాడు. అప్పటికి చూపు బాగా మందగించింది. మనుషులను నీడల్లా పోల్చుకునేవాడు. ఒక మధ్యాహ్నం అన్నం తిన్నాక, "మొదటి పేజీల కవిత ఒక్కపారి సదువు బిడ్డా. యాదికి ఒస్తలేదు" అన్నాడు.

పుస్తకం తెచ్చి ఆయన మంచం అంచు మీద కూర్చున్నాను. మొదలుపెట్టాను. మూడో వరుస దగ్గర ఆగాను. ఎక్కడి నుంచి వచ్చిందో ఆ ధైర్యం, "నీ ఒక్కదాని కాడ, నీ మనుమరాలి చెయ్యి తప్పింది" అని చదివాను.

వక్క నములుతున్న బాపు దవడ ఆగింది. "ఏం సదివినవు?"

ఇక ఆపుకోలేకపోయాను. "నువ్వు రెంజల్ పోయినంక పలక తలుపు నేను తీసిన బాపూ. నీ చెయ్యి తప్పలె. నాయినమ్మ లోపట ఉన్నదేమో అని తీసి సూసిన" అన్నాను. అరవై దాటినదాన్ని, తొమ్మిదేళ్ల పిల్లలా వెక్కిళ్లు పెట్టాను.

బాపు మంచం మీద తడుముకుంటూ నా చెయ్యి దొరికించుకుని పట్టుకున్నాడు. నా వైపు ముఖం తిప్పి, చిన్నపిల్లవాడిలా ఆశగా అడిగాడు.

"ఉన్నదా?"

"లేదు బాపూ. ఒట్టి తెల్లటి పలకే ఉండె."

"కడుగంది ఎట్ల కనవడుతది" అన్నాడు. మళ్లీ, "నిన్నే సూస్తుండె బిడ్డా ఆమె. నల్లగుడ్డ కిందికెల్లి నేను సూసిన గద. నిన్ను సూసుకుంట మంచిగ నవ్వుతుండె" అన్నాడు.

ఎదురుగా నిలబడి చూసినా, నాయినమ్మ అప్పుడు నవ్విందన్నది నాకు గుర్తు లేకుండా పోయింది. గుర్తున్నది ఆయన ఒక్కడికే.

"ఇగ సదువు. మొదటికెల్లి. రాసింది రాసినట్టె సదువాలె, మార్చకు" అన్నాడు.

మొదటి నుంచి చదివాను. నా చెయ్యి తప్పింది అన్న చోటికి వచ్చినప్పుడు కూడా ఆయన నా చెయ్యి వదల్లేదు.